వదినతో వినెగర్ హిల్ యుద్ధభూమికి

ఆస్ట్రేలియాలో పోరాటాలేవీ లేవని మావాళ్ళు అంటుంటే నమ్మేదాన్ని. నేను చదివింది తొమ్మిదో తరగతి, నాకేం తెలుసు! సిడ్నీలో ఆస్పత్రి వంటింట్లో నాతోపాటు బంగాళదుంపల చెక్కు తీసే ఐరిష్ ఆవిడ అసలు సంగతి చెప్పింది. ఐర్లండు స్వాతంత్ర్యం కోసం ఇంగ్లీషువాళ్ళ మీద తిరగబడి ఓడినవాళ్ళని ఖైదీలుగా ఇక్కడికి ఓడల్లో తెచ్చారట. వాళ్ళు వందలమంది 1804లో ఇక్కడా తిరగబడ్డారట. ఐర్లండులో వాళ్ళు ఓడిపోయిన గుట్ట పేరే, వినెగర్ హిల్ అని, ఇక్కడి పోరుకీ వచ్చింది. రౌస్ హిల్ దగ్గర కొత్తగా స్మారకం కూడా కట్టారనగానే, చూసి తీరాలనుకున్నాను.

ఎనభైతొమ్మిదిలో నాకు కారు నడపడం రాదు. మా వదినకి, అంటే మా ఆయన అక్కకి, వచ్చు. గుండె ఆపరేషన్ అయి వాళ్ళాయన, అంటే అన్నయ్యగారు, క్షేమంగా ఇల్లు చేరినందుకు ఆ శనివారం సాయంత్రం ఆవిడ సత్యనారాయణ వ్రతం పెట్టుకుంది. స్మారకం ఉన్నది శ్మశానవాటికలో. ఆ ముక్క చెబితే వదిన గుమ్మం దిగదు. "మంచి తోట ఉంది వదినా, పన్నెండుకల్లా వచ్చేద్దాం" అన్నాను. పారమట్టాలో పదింటికి బయల్దేరి విండ్సర్ రోడ్డు పట్టుకుంటే అరగంటలో చేరాం. టిక్కెట్టు లేదు.

ఎవరైనా తోటే అనుకుంటారు. పచ్చిక, గులాబీలు, నేలలో పొదిగిన పలకలు. నేను స్మారకం చూస్తూ లోపల నవ్వుకుంటున్నాను. వదిన గులాబీ పొద మీదికి వంగింది.

"ఏమే, పూజకి నాలుగు కోసుకోనా? ఎవరూ చూడట్లేదు."

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. "ముట్టుకోకండి వదినా! ఇది శ్మశానం."

ఆవిడ కాళ్ళ దగ్గరున్న పలక మీది పేరు చదివింది. "ఆయన కుట్లింకా మానలేదే" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

నీళ్ళు పెడుతున్న తోటమాలి దగ్గరికొచ్చాడు. తలస్నానం చెయ్యకుండా ఈవిడ ఇల్లు తొక్కదని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. "నో వర్రీస్, లవ్. షెడ్డులో షవరుంది, చన్నీళ్ళే" అన్నాడు. వదిన కట్టుబట్టలతో తడిసొచ్చింది. "నువ్వూ పోసుకో" అంది. ఎముకలు కొరికే చలి, అయినా పోసుకొచ్చాను.

"అంతమంది ఉండి ఎలా ఓడారు?" అని తోటమాలిని అడిగాను.

"మాట్లాడుకుందాం రమ్మని సైన్యం మేజరు పిలిచాడు. నాయకులిద్దరూ నమ్మి ముందుకొచ్చారు. తలకి పిస్తోలు గురిపెట్టి పట్టుకున్నారు. మిగతావాళ్ళు చెదిరిపోయారు."

వదిన కొంగు పిండుకుంటూ, "వీళ్ళకీ ఓ మరదలుందన్నమాట" అంది.

సాయంత్రం కథ అయ్యాక అందరికీ ప్రసాదం పంచుతూ నా దగ్గర ఆగింది. "ముందు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి రా." వెళ్ళి పెట్టాను. ఎందుకో తెలియని అన్నయ్యగారు నవ్వి, "చల్లగా ఉండమ్మా" అని దీవించారు. అప్పుడు పెట్టింది ప్రసాదం, గుప్పెడు ఎక్కువే.

నమ్మి వచ్చినవాణ్ణి ఓడించడం ఎంత తేలికో ఆ గుట్ట మీద తెలిసింది. అందుకే ఆ మేజరుది గెలుపంటే నాకు నోరు రాదు. మీరూ తప్పకుండా వెళ్ళండి, చూడదగ్గ చోటు. వెంట వచ్చేవాళ్ళకి మాత్రం అది శ్మశానమని ఇంటి దగ్గరే చెప్పండి. అయినా వస్తామంటే కారులో తువ్వాలు, మారుబట్టలు పెట్టుకోండి.