నాలుగో అంచు

ఆ వీధిలో తోలుపని అక్కల ఇల్లెక్కడ అని ఎవరినడిగినా చెయ్యెత్తి చూపిస్తారు. నాలుగు మెట్లు కిందికి దిగితే గది, వీధివైపు ఒకే ఒక్క కిటికీ, గది మధ్యలో తండ్రి చేయించిన పొడవాటి బల్ల. బల్లకు అటుపక్క పెద్దక్క, ఇటుపక్క చిన్నక్క. వీధి పెట్టిన పేర్లే అవి. సొంత పేర్లు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడేవి కావు. పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే, "ఇద్దరికీ కలిపి ఈ బల్ల ఉందిగా, వేరే మొగుడెందుకు? ఇదైతే ఎదురు మాట్లాడదు" అని పెద్దక్క నోరు మూయించేది.

పని పంపకం తండ్రి బతికుండగానే జరిగిపోయింది. కొలిచి, కోసి, కుట్టేది చిన్నక్క. అంచులు తీర్చేది పెద్దక్క. తోలు వస్తువు ఎంత బాగా కుట్టినా అంచు పచ్చిగా వదిలేస్తే పైపొరా లోపొరా వేరువేరుగా కనబడుతూనే ఉంటాయి, చెమ్మ తాగి నాలుగు నెలల్లో నోరు తెరుస్తాయి. ఆ అంచు మొనలు సన్నగా చెక్కాలి. గరుకు కాగితంతో సాపు చెయ్యాలి. వేలితో నీళ్ళద్ది, గాడి ఉన్న కర్రతో వేడి పుట్టేదాకా రుద్దాలి. తేనెమైనం పట్టించి మళ్ళీ రుద్దాలి. అప్పుడు రెండు పొరలూ ఒకటైపోయి, నీళ్ళలో నానిన గులకరాయిలా మెరుస్తాయి. పెద్దక్కది పుర్రచేతి వాటం. ఎడమచేత్తో ఆ కర్ర పట్టుకుందంటే, పొరలు ఎక్కడ కలిశాయో కుట్టిన చిన్నక్కకే తెలిసేది కాదు.

పదకొండేళ్ళ కిందట ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాను దగ్గర గొడవ వచ్చింది. ఫ్యాను తిరిగితే తడిపిన అంచు రుద్దేలోపే ఆరిపోతుందని పెద్దక్క, తిరక్కపోతే తనే ఆవిరైపోతానని చిన్నక్క. స్విచ్చి ఉన్నది పెద్దక్క వైపు. నాలుగోసారి ఆపేసరికి చిన్నక్కకు ఒళ్ళు మండింది.

"కుట్టడమంటే పని. రుద్దడం కూడా ఒక పనేనా? చెయ్యున్న ప్రతివాడూ రుద్దుతాడు!"

పెద్దక్క కర్ర పక్కన పెట్టి చెల్లెల్ని ఎగాదిగా చూసింది. "సరేలే. నువ్వు రుద్దుకునే రోజూ వస్తుంది. అప్పుడు చూద్దాం" అంది.

అంతే, మాటలు తెగిపోయాయి. ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకే గదిలో పడుకుని, ఒకే బల్లకు అటొకరూ ఇటొకరూ కూర్చుని, పదకొండేళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడలేదంటే వినేవాళ్ళకు వింత గానీ ఆ వీధికి అలవాటైపోయింది. తప్పనిసరి మాటలన్నీ గోడ అవతల వాటాలో ఉండే టైలరమ్మ మీదుగా నడిచేవి. చిన్నక్క రెండడుగుల దూరంలో నిలబడి ఉండగానే, "ఉప్పు నిండుకుందని మీ చిన్నక్కతో చెప్పవే" అనేది పెద్దక్క. "చెవులున్నాయని మీ పెద్దక్కతో చెప్పు" అనేది చిన్నక్క. "నేనేమన్నా మీ ఇద్దరి మధ్య టెలిఫోనునా?" అని టైలరమ్మ మూతి తిప్పేది. ఒక్కరోజు పిలవకపోతే మాత్రం ఉండబట్టలేక తనే వచ్చి తొంగి చూసేది.

పనికి టైలరమ్మతో కూడా అవసరం లేదు. కుట్టు అయిపోతే చిన్నక్క వస్తువును బల్ల మధ్యకు తోసేది. అంచు అయిపోతే పెద్దక్క కర్ర వెనకవైపుతో బల్ల మీద రెండుసార్లు కొట్టేది. టక్, టక్. అయిపోయింది, తీసుకో అని. చిన్నక్క ఎప్పుడూ వెంటనే తీసుకునేది కాదు. ఇంకో రెండు మూడు కుట్లు తాపీగా కుట్టి, అప్పుడు తలెత్తేది. పిలవగానే పలికితే పంతం ఏం మిగులుతుంది?

ఆఖర్న వచ్చిన పని పళ్ళడాక్టరుది. రోజూ పొద్దున్నే గోల్ఫు ఆడతాడాయన. ఏ గుంటలో బంతి వెయ్యడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో రాసుకునే స్కోరుకార్డు మంచుకీ చెమటకీ తడిసిపోతోందట. అది పెట్టుకోవడానికి చిన్న పుస్తకంలా మడతపడే తోలు అట్ట కావాలి, పక్కన పెన్సిలు దూర్చడానికి ఒక పట్టీ ఉండాలి అన్నాడు.

"తడిస్తే నేను కొట్టిన దెబ్బల లెక్క చెరిగిపోతోందండీ" అన్నాడు దిగులుగా.

"ఆ ఆటలో ఎన్ని తక్కువ దెబ్బలు కొడితే అంత గొప్పట కదా? చెరిగితే మీకే లాభం డాక్టరుగారూ" అంది పెద్దక్క. ఆయన పడీపడీ నవ్వాడు. చిన్నక్కకూ నవ్వొచ్చింది గానీ, అక్క జోకుకు నవ్వడమేమిటని తల దించుకుని దారానికి మైనం పట్టించింది.

కుట్టి తోసేసింది. మర్నాడు మధ్యాహ్నం మూడు గంటలప్పుడు టక్, టక్ మని వినిపించింది. చిన్నక్క చేతిలో ఏదో బెల్టు ఉంది. తలెత్తలేదు. కాసేపాగి మళ్ళీ టక్, టక్. అలా రెండోమారు కొట్టడం ఎన్నడూ లేదు. 'ఇవాళ మహారాణిగారు తొందరలో ఉన్నారే' అనుకుని, కావాలనే నాలుగు కుట్లు కుట్టింది. తలెత్తేసరికి పెద్దక్క చెంప బల్లకు ఆనించి ఉంది. కర్ర ఎడమచేతిలోనే ఉంది. ఎదురుగా పళ్ళడాక్టరు అట్ట. మూడంచులు మెరుస్తున్నాయి. పెన్సిలు పట్టీ ఉన్న నాలుగో అంచు పచ్చిగా, పొడిగా, నీటిచుక్క కూడా తగలకుండా ఉంది.

గుండె ఒక్కసారిగా ఆగిపోయింది, పక్కన ఎవరున్నా చేసేదేమీ లేదు అన్నారు ఆసుపత్రిలో. వచ్చినవాళ్ళందరూ అదే అన్నారు. చిన్నక్క అందరికీ తలూపింది. నాలుగు కుట్ల సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆమెను తినేస్తున్నది ఒక్కటే. పని పూర్తి కాకుండా అక్క ఏనాడూ కర్రతో కొట్టలేదు. మరి ఆ రోజెందుకు కొట్టింది? కొట్టింది అట్టను తీసుకోమని కాదేమో. తనను రమ్మనేమో. నోటితో పిలవడం పదకొండేళ్ళుగా మానేసిన మనిషి ఇంకెలా పిలుస్తుంది?

వారం తిరక్కుండానే చప్పుడు మొదలైంది. మధ్యాహ్నం మూడు దాటేసరికి, చిన్నక్క చేతిలో సూది ఉన్నప్పుడే, టక్, టక్. కిటికీ రెక్క అనుకుని దారంతో కట్టేసింది. కుళాయి అనుకుని కింద గుడ్డ పరిచింది. గోడకు చెవి పెట్టింది, టైలరమ్మ మిషను అదేమోనని.

"ఏం వింటున్నావే గోడల్లో?" అంది టైలరమ్మ గుమ్మంలోంచి.

"ఏం లేదు. చెదలేమో చూస్తున్నా."

"చెదలు చెవులతో చూస్తారా?"

ఇప్పుడు ఫ్యాను రోజంతా వేసుకోవచ్చు, ఆపేవాళ్ళు లేరు. చిన్నక్క మాత్రం ఒక్కరోజు కూడా వెయ్యలేదు. చెమటలు కారుతూ కూర్చునేది.

పళ్ళడాక్టరు ఒకసారి వచ్చి, తలుపు దగ్గరే చెప్పులు విప్పి నిలబడ్డాడు. "ఆదివారం పోటీ ఉందమ్మా. అయినా తొందరేం లేదు. ఆ నాలుగోది అలాగే వదిలేసి ఇచ్చినా నాకు ఫరవాలేదు."

"వదిలేస్తే చెమ్మ తాగి విడిపోతుందండీ. మూడు అంచులు బాగున్నా లాభం లేదు. శనివారానికి ఇస్తాను."

ఆయన వెళ్ళాక టైలరమ్మ సలహా తెచ్చింది. "బజార్లో అంచులకు రంగేసే మిషను ఉందట. నాలుగువైపులా ఒకేలా పూసేస్తాడు. నిమిషం పని."

"అక్క చేసిన మూడంచుల మీద రంగు పూయించమంటావా?"

టైలరమ్మ కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

చిన్నక్క ముందు పనికిరాని తోలుముక్కలు తీసుకుంది. చెక్కింది, సాపు చేసింది, నీళ్ళద్దింది, అక్క కర్ర పట్టుకుని రుద్దింది. అంచు నున్నబడలేదు సరికదా, పుట్టగొడుగులా పక్కలకు విచ్చుకుంది. రెండోది కూడా అంతే. పాతిక ముక్కలు పాడయ్యాయి. నాలుగో అంచు గనక ఇలా పాడైతే చెక్కి తీసెయ్యాలి. ఒకవైపు చెక్కితే వంకరొస్తుంది కాబట్టి నాలుగువైపులా చెక్కాలి. అక్క చేతి చివరి పని మొత్తం చెత్తబుట్టలోకి పోతుంది. చెయ్యున్న ప్రతివాడూ రుద్దుతాడన్న తన మాటే తనకు వినబడుతోంది. అక్క రుద్దనివ్వడం లేదు అనిపించింది. పైకి అనలేదు. అంటే నిజమైపోతుందని భయం.

శుక్రవారం కిటికీ వెలుగులో కర్రను తిప్పి తిప్పి చూసింది. గాడి ఒకవైపే అరిగి వాలిపోయి ఉంది. అన్నేళ్ళూ ఎడమచెయ్యి నొక్కిన వాలు అది. కుడిచేత్తో పట్టుకుంటే అంచు మీద ఏటవాలుగా కూర్చుని తోలును తోసేస్తుంది. ఎడమచేత్తో పట్టుకోవాలి. పైగా ఇటు కూర్చుంటే అంచు మీద తన నీడే పడుతోంది. మెరుపు కనబడాలంటే అటు కూర్చోవాలి.

అటు, అంటే అక్క స్టూలు మీద. పదకొండేళ్ళలో చిన్నక్క ఆ వైపు ఊడవడానికి తప్ప వెళ్ళలేదు. స్టూలు గుంటపడి ఉంది. కూర్చుంది. ఎదురుగా తన స్టూలు ఖాళీగా కనబడింది. పోయింది అక్క కాదు, తనేనా అనిపించింది.

ఎడమచెయ్యి మాట వినలేదు. చిన్నపిల్ల అక్షరాలు దిద్దినట్టు మెల్లగా, వంకరటింకరగా మొదలుపెట్టింది. ఆరేడు ముక్కలకు చెయ్యి కాస్త స్వాధీనమైంది. అప్పుడు అట్ట తీసుకుని నాలుగో అంచు తడిపి రుద్దింది. పెన్సిలు పట్టీ దగ్గరకొచ్చేసరికి కర్ర జారి, దాని చివర బల్లకు తగిలింది. టక్.

చిన్నక్క చెయ్యి ఆపింది. మళ్ళీ లాగింది. టక్. ఇంకోసారి. టక్. పట్టీ ఎత్తుగా ఉంది కనక ప్రతిసారీ కర్ర అక్కడికొచ్చి బల్లను కొడుతోంది. ఇదా! పిలుపూ లేదు, పాడూ లేదు, పని చప్పుడు! నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి, గోడ మీద గుద్ది టైలరమ్మను పిలిచింది.

"విను, విను. ఇదిగో చూడు, పట్టీ దగ్గర దానంతట అదే కొట్టుకుంటోంది. ఆ రోజు అక్క కొట్టలేదే. పని చేసుకుంటోంది, అంతే!"

టైలరమ్మ బల్ల మీదికి వంగి విన్నది. ఆవిడ నోట్లో మాట నిలవదు కదా. "ఇది ఒక్కోటే కొడుతోంది కదే. ఆ రోజు నాకూ వినబడింది, అప్పుడే మిషను ఆపాను. టకటక, కాసేపాగి మళ్ళీ టకటక. పెద్దక్క ఇవాళ ఇంతలా పిలుస్తోందేంటా అని..."

అక్కడికి గానీ తను ఏమంటోందో ఆవిడకు తెలియలేదు. నాలుక కరుచుకుంది. చిన్నక్క అట్ట వైపే చూస్తోంది. నాలుగో అంచు ఆ రోజు పొడిగా ఉందని, నీటిచుక్క తగల్లేదని ఆమెకు తెలుసు. తడపకుండా అక్క రుద్దదు. తెలిసీ ఇంతసేపు మరిచిపోవాలని చూసింది.

"నువ్వెళ్ళు" అంది మెత్తగా. "నేను పూర్తి చేసుకోవాలి."

మైనం పట్టించింది. రుద్దింది. గుడ్డతో తుడిచింది. నాలుగంచులూ ఒకటే రంగు, ఒకటే మెరుపు. బొటనవేలు చుట్టూ తిప్పితే ఎక్కడా ఆగలేదు. మధ్యాహ్నం మూడు దాటింది. ఆ స్టూలు మీద కూర్చున్న చేతికి ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలిసినట్టే ఉంది. కర్ర తిరగేసి బల్ల మీద రెండుసార్లు కొట్టింది.

ఎదురుగా ఖాళీ స్టూలు. ఎవరూ తలెత్తలేదు.

కదలకుండా కూర్చుని మనసులోనే కుట్టడం మొదలుపెట్టింది. ఆరెతో చిల్లి పొడవాలి, ఇటు సూది, అటు సూది, రెండు చేతులా దారం లాగాలి. ఒక కుట్టు. చిల్లి, సూది, సూది, లాగడం. రెండు. ఇంత సేపా? మూడు. మూడుకూ నాలుగుకూ మధ్య ఎంత దూరం ఉందో ఆ వైపు కూర్చుంటే గానీ తెలియదు. నాలుగు.

లేచి, బల్ల చుట్టూ గబగబా నడిచి, తన స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ చాపి అట్ట అందుకుంది.

"ఇదిగో, తీసుకున్నానక్కా" అంది పైకే.

గోడ అవతల మిషను ఆగింది. మళ్ళీ చాలాసేపటికి గానీ నడవలేదు.

శనివారం పళ్ళడాక్టరు వచ్చాడు. రోజూ పళ్ళ అంచులు తడిమే చెయ్యి కదా, కళ్ళు మూసుకుని అట్ట చుట్టూ వేలు తిప్పాడు. "అక్కగారి చెయ్యి ఎక్కడ ఆగిందో తెలియడం లేదమ్మా" అన్నాడు.

"నాకు తెలుసండీ" అంది చిన్నక్క.

ఇప్పుడు కోతా, కుట్టూ, అంచూ అన్నీ తనే చేస్తుంది. చప్పుడు ఆగలేదు. మధ్యాహ్నం మూడింటికి ఎవరైనా ఆ గదిలో ఉంటే, ఉన్నట్టుండి చిన్నక్క చేతిలో కుట్టు సగంలో వదిలేసి, "వస్తున్నా" అంటూ బల్లకు అటువైపు వెళ్ళడం చూస్తారు. మంచినీళ్ళకేమో అనుకుంటారు. కాసేపు అక్కడ నిలబడి, తిరిగొచ్చి సూది అందుకుంటుంది. అందుకే ఆమె కుట్టిన వస్తువుల్లో ఎక్కడో ఒకచోట ఒక కుట్టు కొంచెం వదులుగా ఉంటుంది. తెలిసినవాళ్ళు దాన్ని బిగించమని అడగరు.