కుర్కుల్తాయ్ పిట్ట, చీయ్ గడ్డి

మా ఆట్‌బాషీ లోయలో గుడారం గోడలకు తడికలు కట్టేవాళ్లలో జూరకాన్ అక్కది మొదటి చెయ్యి. చీయ్ అనే ఎత్తయిన గడ్డిని కంకి వేయకముందే కోసి, తొక్క ఒలిచి, పుల్లపుల్లకూ రంగు ఉన్ని చుట్టాలి. తర్వాత మొదలు పక్కన కొస వచ్చేలా పేర్చి కట్టాలి. మొదళ్లన్నీ ఒకవైపే పెడితే తడిక వంకరపోతుంది. నలభై ఏళ్లలో ఆమె తడిక ఒక్కటీ వంకరపోలేదు.

ఆ చలికాలమంతా ఎసెన్‌గెల్డి కొడుకు పెళ్లి గుడారానికి పుల్లలు చుట్టింది. జూన్‌లో ఆ గుడారంలోనే కూర్చుని చివరి పుల్లలు కడుతోంది. పని ముగిశాక తడిక కట్టిన మనిషే చేతులెత్తి కొత్త జంటను దీవించాలి. ఎసెన్‌గెల్డికి కావలసింది ఆ దీవెనే. నోరు మాత్రం ఊరుకోదు.

"పనితనమంటే కుర్కుల్తాయ్‌దక్కా. బొటనవేలంత పిట్ట. ముక్కుతో ఉన్ని అల్లి కొమ్మకు సంచిలా గూడు కడితే అతుకు కనపడదు. నీ చీయ్‌ది ఏముంది, గాడిద కూడా మూతి తిప్పుకునే గడ్డి."

"గడ్డిని కోస్తే మళ్లీ మొలుస్తుంది. పిట్ట గూడు కోస్తే దాని ఏడాది పోయినట్టే. ముందు ఆ తేడా తెలుసుకో. పక్కకి జరుగు, వెలుతురు రావట్లేదు."

"ఆ గూడే తెచ్చా. గుడారంలో కడితే కలిసొస్తుంది."

టోపీలోంచి తీసి ఆమె ఒడిలో పెట్టాడు. చలి మొదలై పిట్టలు వెళ్లిపోయాక, ఖాళీ గూడు తెచ్చుకోవడమే మా వాడుక. ఇది బరువుగా ఉంది. జూరకాన్ గూటి మూతిలో వేలు పెట్టింది. లోపల ఈకలు రాని పిల్లలు ఐదు, చల్లగా, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. వేలితోపాటు చీమలు బయటికొచ్చాయి. కుళ్లు వాసన కొట్టింది.

"ఎప్పుడు కోశావు?"

"మొన్న. ఆగితే ఇంకొకడు కోసుకుపోడూ?"

ఉమ్మెయ్యాలనిపించింది. పెళ్లి గుడారంలో ఉమ్మకూడదని మింగేసింది. గూడు పక్కన పెట్టి, చేతులు కడుక్కొచ్చి, మిగిలిన పదకొండు పుల్లలూ కట్టింది. ఒక్క ముడీ వదులు కాలేదు. చుట్టూ చేరిన పెళ్లివాళ్లందరూ దీవెన కోసం అరచేతులు చాపారు. ఆమె చేతులు ఒడిలోంచి లేవలేదు.

"తడికలో లోపం లేదు, చూసుకోండి," అని బయటికి నడిచింది.

మా దగ్గర పగవాడైనా రొట్టె తుంపకుండా గడప దాటడు. ఎసెన్‌గెల్డి భార్య గుల్‌బారా రొట్టె పట్టుకుని వెంటపడింది.

"వదినా, పెళ్లిల్లు. ఒక్క ముక్క తుంపి వెళ్లు, నీకు పుణ్యముంటుంది."

"మీ ఆయన్ని చేతులు కడుక్కోమను ముందు."

గుల్‌బారా వెనక్కి చూసింది. గుమ్మంలో ఎసెన్‌గెల్డి గూటిని బోర్లించి, లోపలి పిల్లల్ని కర్రతో దులుపుతున్నాడు. ఆమె మళ్లీ ఇటు తిరిగేసరికి జూరకాన్ గుర్రమెక్కేసింది.