సంకెళ్ల దిబ్బ మీద మేస్త్రీల రాయి

జువ్వలదిన్నెకు దక్షిణాన, ఉప్పు కొటార్ల దాకా పోయే పాయకాలువ గట్టున ఒక ఇసుక దిబ్బ ఉంది. తెల్లదొరల కాలంలో ఆ పాయను జైలు ఖైదీల చేత, కాళ్లకు సంకెళ్లు వేసి తవ్వించారు. వాంతిభేదికి, ఎండకు, దెబ్బలకు చచ్చిపోయినవాళ్లను ఆ దిబ్బలోనే పూడ్చారు. వాళ్లలో మా తాత ఒకడు. ఆయన చేసిన ఘోరమేమిటంటే, సౌడుమట్టి తెచ్చి ఇంట్లో కుండలో ఉప్పు వండుకోవడం. ఉప్పు వండినవాడి చేతనే ఉప్పు పడవలకు దారి తవ్వించారు. ఆ దొరలకు హాస్యం తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మా చిన్నప్పటి నుంచీ కాలువ మీద ఒక ఆచారం ఉండేది. గట్టున నడుస్తూ పడవను తాడుతో లాగేవాళ్లు, దిబ్బ దగ్గరికి రాగానే తాడును భుజం మీంచి దించి చేత్తో పట్టుకునేవాళ్లు. దిబ్బ దాటాకే మళ్లీ భుజానికి ఎత్తుకునేవాళ్లు. ఇనుము మోసి పోయినవాళ్ల ఎదుట భుజాన బరువుతో నడవకూడదట. దీనికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, రిబ్బను కత్తిరించలేదు. కాబట్టి అది సంస్మరణ అని పెద్దలకు తెలియలేదు.

అరవైల మొదట్లో పంచాయతీ సమితి అధికారి ఒకాయన పడవలో తనిఖీకి వస్తూ, దిబ్బ దగ్గర పడవ మందగించిందని మండిపడ్డాడు. లాగేవాళ్లు కారణం చెప్పారు. కోపం పోయి ఆ స్థానంలో దేశభక్తి వచ్చింది. నెల తిరక్కుండానే ఊళ్లో చాటింపు వేశారు. దిబ్బ మీద రాయి నిలబెడతారట, కాలువ పనిలో ఉన్న తమ తాతముత్తాతల పేర్లు పంచాయతీలో రాయించుకోవాలట.

అప్పటికి నేను ఊరి బడిలో అయ్యవారిని. అందరికన్నా ముందు వెళ్లి కాగితం ఇచ్చాను. అందులో తాత పేరు, పేరు కింద 'ఖైదీ, సంకెళ్లతో పని చేస్తూ మరణించాడు' అని రాసి ఉంది. ప్రెసిడెంటుగారు దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఏంది అయ్యోరా ఇది? రాయి మీద ఖైదీ అని చెక్కిస్తారా ఎవురైనా? రేపు మంత్రిగారు వచ్చి చదవబళ్ళా?"

"ఖైదీల కోసమే గదండీ రాయి?"

"రాయి వేరు, రాత వేరు. పిలకాయలకు చెప్పేవాడివి, నీకు నేను చెప్పాల్నా?"

నా వెనక నిలబడ్డ ముసలాయన ఒకాయన ఇదంతా విన్నాడు. తన వంతు రాగానే గొంతు సవరించుకున్నాడు. "మా తాత మేస్త్రీ సామీ. బెత్తం ఆయన చేతిలోనే ఉండేది."

ఆ వెనకాయన ఊరుకుంటాడా? "మాయబ్బ పెద్దమేస్త్రీ. వీళ్ల తాత ఆయన కిందే చేసినాడు."

వాళ్లిద్దరి తాతలూ మా తాత పక్కనే పూడ్చబడ్డారని మా నాయనమ్మ వందసార్లు చెప్పి ఉంటుంది. కానీ జైలువాడి మనవడు అనిపించుకోవడం కన్నా, జైలువాణ్ణి కొట్టినవాడి మనవడు అనిపించుకోవడం మర్యాద. సాయంత్రానికి జాబితా పూర్తయింది. కాలువ తవ్వినవాడు మా తాత ఒక్కడే. తవ్వించినవాళ్లు ఊరంతా.

ప్రారంభోత్సవానికి షామియానా వేశారు. మంత్రిగారికి దండ వేసి పాట పాడిన పిలకాయలకు ఆ పాట నేర్పింది నేనే. నాకు కుర్చీ వేయలేదు. ఆ సంగతి నేను మరిచిపోలేదని ఇక్కడ నమోదు చేస్తున్నాను. గుడ్డ తీశారు. పైన పెద్ద అక్షరాల్లో మంత్రిగారు, అధికారిగారు, ప్రెసిడెంటుగారు. కింద చిన్న అక్షరాల్లో 'కాలువ నిర్మాణమునకు పాటుపడిన మేస్త్రీలు'. ఆ వరస చివర మా తాత.

ప్రెసిడెంటుగారిని అక్కడే పట్టుకున్నాను.

"నీ ఒక్కడి కోసరం ఇంకో వరస చెక్కించాల్నా? మీ తాతకు ఉద్యోగం ఇచ్చినాం, సంతోషించు" అన్నాడు.

మా నాయన తల్లి కడుపులో ఉండగానే తాత పోయాడు. జీవితమంతా రేవులో ఆయన పేరు 'జైలోడి కొడుకు'. దిబ్బ వైపు చూడకుండానే వలకు పోయి వచ్చేవాడు. అలాంటి మనిషి ఆ రోజు ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. చదువు రాదు కనుక, తన వేలు పట్టి అక్షరాల మీద పెట్టమన్నాడు.

"మేస్త్రీ అని ఉండాదా?"

"ఉండాది. అబద్ధం నాయనా అది. తీయిస్తా."

"ఉండనీ అబ్బయ్యా. నిజాన్ని ఇన్నేండ్లు మోసినా గదా. చాల్లే."

నేను ఊరుకునే మనిషినా? దెబ్బలు తిన్నవాణ్ణి కొట్టినవాళ్లలో కలిపితే చేతులు కట్టుకుని నిలబడతానా? సమితికి ఒక అర్జీ, తాలూకా కచేరీకి ఒకటి, నెల్లూరుకు ఒకటి రాశాను. మా తాత మేస్త్రీ కాదు, ఖైదీ, సరిదిద్దగలరు అని. పరిశీలనలో ఉందని జవాబులు వచ్చాయి. వాళ్లు పరిశీలించినంత కాలంలో ఆ పాయ మొత్తం మళ్లీ తవ్వవచ్చు.

చివరికి ఒక గుమాస్తా, ఒక రాళ్లు కొట్టేవాడు వచ్చి ఒక పూటలో పని ముగించారు. 'అభ్యంతరమున్న పేరు తొలగించడమైనది' అని నాకు కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు. మిగతా పేర్ల మీద ఎవరికీ అభ్యంతరం లేదు గనుక మేస్త్రీలందరూ క్షేమం. ఖైదీల రాయి మీద ఉన్న ఒకే ఒక్క ఖైదీని నేనే అర్జీ పెట్టి తీయించాను.

మర్నాడు నాయన నాకు చెప్పకుండా దిబ్బకు బయలుదేరాడు. నేను వెనకే వెళ్లాను. వేలితో రాయి తడుముతూ వరస చివరికి వచ్చి ఆగాడు.

"ఇక్కడేనా?"

"ఇక్కడే."

"నున్నంగా చేసినారు" అని పంచె దులుపుకుని ఇంటికి నడిచాడు.

ఆదివారం పొద్దున నేను అరుగు మీద కాగితం, కలం పెట్టుకుని కూర్చుంటే నాయన వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఈతూరి ఎవురి పేరు తీయిస్తావు?"

నాలుగో అర్జీ ఆయన ముందు రాయలేకపోయాను. సోమవారం బడిలో రాశాను.