దాలయ్య ఎడమ చెంప

భావనపాడు దాలయ్యకి సముద్రమంటే ఎన్నడూ భయం లేదు. నలభై దాటాక గాలంటే భయం పట్టుకుంది. తెప్ప మీద ఎడమ చెంపకి గాలి తగిలితే చాలు, దవడ నుంచి కణత దాకా నిప్పు దూసుకుపోయేది. మాట్లాడినా అంతే, ముద్ద నమిలినా అంతే. పంటిపోటన్నారు. టెక్కలిలో మూడు పళ్లు పీకించుకున్నాడు. పళ్లు పోయాయి గాని పోటు పోలేదు.

చేపల వేట మానేశాడు. తలకి తువ్వాలు చుట్టుకుని, గంజి తాగి, గోడకేసి తిరిగి కూర్చునేవాడు. భార్య మరిడమ్మ చేపల గంపెత్తి ఇల్లు నడిపింది. ఒక మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి మొగుడు దూలం కింద తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తాడు లాక్కుంది.

"ఇశాపట్నం ఎల్దాం మావా. పెద్ద డాక్టరుకి సూపిద్దాం."

అక్కడి డాక్టరు అనూరాధ అది పంటి జబ్బు కాదంది, మొహానికి పోయే నరం జబ్బంది. ముందు ఆమె రాసిచ్చిన మాత్రలకి మత్తు తప్ప గుణం కనపడలేదు.

"కోత ఉండదు. చెంపలోంచి సన్నటి సూది పంపి నరాన్ని వేడితో మాడుస్తాం. నొప్పి పోవచ్చు. కానీ సగం మొహం మొద్దుబారుతుంది. కంట్లో ఇసుక పడ్డా తెలియకపోవచ్చు. కంటికి కాపుగా కళ్లద్దాలిస్తాం, అవి తియ్యకూడదు."

"మొద్దుబారితే బారనీ తల్లీ," అన్నాడు దాలయ్య, పెదాలు కదపకుండా.

సూది వేసిన సాయంత్రం మరిడమ్మ టీలో బన్ను ముంచి ఇచ్చింది. నమిలాడు. ఆమె చెయ్యి తీసుకుని ఎడమ చెంపకి ఆనించుకున్నాడు. చెయ్యి తగిలినట్టే లేదు. నొప్పీ లేదు. వార్డులో అందరూ చూస్తుండగా ఇద్దరూ ఏడ్చారు.

మళ్లీ వేటకెళ్లాడు. ఉప్పునీళ్లకి మసకేస్తున్నాయని కళ్లద్దాలు ఇంట్లో పడేశాడు.

తిత్లీ తుపాను ముందురోజు అందరితో పాటు తెప్పలు పైకి లాగాడు. ఇసుక ముళ్లలా కొట్టింది. తెల్లారేసరికి చెట్లు కూలి దార్లన్నీ మూసుకుపోయాయి. కూలిన ఇంటి పనిలో ఎవరి మొహం ఎవరూ చూసుకోలేదు. కొన్నాళ్లకి మరిడమ్మ చూసింది.

"ఏటిది, ఎడం కన్నంతా ఎర్రగున్నాది? నొప్పి లేదా?"

"ఏటీ తెలీట్లేదే."

కంటాసుపత్రికి చేరేసరికి నల్లగుడ్డు మీద పుండు ముదిరిపోయింది. ఆ కంటి చూపు దక్కలేదు.

ఇప్పుడు తెప్పెక్కడు, ఒడ్డున వలలు కుడతాడు. ఒకనాడు మరిడమ్మ పక్కన కూచుని మెల్లగా అడిగింది.

"ఆ సూది ఏయించకుండా ఉంటే బాగున్ను కదా మావా?"

దాలయ్య వల ఒళ్లో పెట్టుకుని, ఎడమ చెంప తడుముకున్నాడు.

"రెండో కన్ను అడిగినా ఇచ్చేద్దునే," అన్నాడు.