చెక్క వరండాకు ముదురు రంగు

నా చిన్నప్పుడు హనుమకొండలో మాకు ఒక మేడ ఇల్లు ఉండేది. పై అంతస్తులో వీధి వైపు వరండా, దాని నేలంతా టేకు చెక్కలు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అమ్మకు గుండె ఆపరేషన్ చేయాలన్నారు. ఆలస్యం చేయొద్దని డాక్టరు గట్టిగా చెప్పడంతో నాన్న ఇల్లు అమ్మకానికి పెట్టాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ నోరారా నవ్వినట్టు గుర్తులేదు.

కొనేవాళ్లు ఇంకోసారి చూసుకుంటామన్నారు. వాళ్లు వచ్చేలోగా వరండాకు పాలిష్ పెట్టించాలని నాన్న మా వీధి చివరి పాలిష్ చాచాను పిలిపించాడు. చాచా ఒక చెక్క మీద రెండు రంగులు పూసి చూపించాడు. ఒకటి లేత తేనె రంగు, రెండోది కాఫీ గింజల రంగు. అమ్మ లేతదే బాగుందంది. నాన్న ఆమె వైపు చూడకుండా ముదురుది వెయ్యమన్నాడు.

ఎందుకో నాకు తెలుసు. వాననీళ్లు పడి పడి వరండా మూలన చెక్క లోపల గుల్లబారింది. లేత రంగులో ఆ నల్లమచ్చ కనబడుతుంది, ముదురు రంగులో కలిసిపోతుంది.

చాచా ఆ మూల దగ్గర గొంతుక్కూర్చుని గోటితో గీరి చూశాడు. "కొడ్త సారూ. నల్లగ కొడితే ఏం కనవడది. జర ఒక్కసారి బిడ్డను ఈడ నిలవెట్టుండ్రి, చూస్త" అన్నాడు.

పెద్దవాళ్లు చెప్పారు కదా అని నేను అటు నడిచాను. రెండడుగులు వేశానో లేదో, నాన్న నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ విసురుకు ఏడ్చేశాను. నాన్న ముఖం పాలిపోయింది. చాచా తలెత్తకుండానే, "కొనేటోళ్లకు గూడ చిన్న పిల్ల ఉన్నదన్నరు గద సారూ" అన్నాడు మెల్లగా.

నాన్న నా జబ్బ వదిలి, "లేతదే వెయ్యి చాచా" అని లోపలికి వెళ్లిపోయాడు.

కొనేవాళ్లు వచ్చిన రోజు నాన్నే ఆ మూలకు తీసుకెళ్లి, కర్రతో నొక్కి చూపించాడు. భార్యాభర్తలు మొహాలు చూసుకున్నారు. ఆలోచించి చెప్తామని వెళ్లిపోయారు. నాలుగు రోజులు ఏ కబురూ లేదు. అమ్మకు మెట్లెక్కితే ఆయాసం. ఆమె నాన్నను ఒక్క మాటా అనలేదు. నాకు మాత్రం చాచా మీద పట్టరాని కోపం. వీధిలో ఎదురైతే మొహం తిప్పుకున్నాను.

ఐదో రోజు ఇల్లు చూసి వెళ్లినాయన ఒక్కడే వచ్చాడు. "ఇంకేమన్న ఉన్నదా అన్నా, మాకు చెప్పంది?" అని అడిగాడు. వంటింటి కప్పు ఒక పక్క కురుస్తుందని కూడా నాన్న చెప్పేశాడు. ఆయన నవ్వాడు. "ఇంకో రెండిండ్లు చూసినం. ఆడ ఒక్కలు గూడ ఏం చెప్పలే" అంటూ కుర్చీ లాక్కుని కూర్చుని మంచినీళ్లు అడిగాడు.

ఇల్లు వాళ్లే కొన్నారు. ఆ నెలలోనే అమ్మకు ఆపరేషన్ అయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది.

వాళ్లు తిరిగి రాకపోయుంటే చాచాను క్షమించేదాన్నో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఒక వస్తువు ఇంకొకరికి అప్పగిస్తూ, దాని లోపం చెప్పాలా వద్దా అని నా నోరు తడబడినప్పుడల్లా, జబ్బ మీద నాన్న వేళ్లు బిగుసుకున్నట్టే ఉంటుంది. పోయినేడు నా పాత స్కూటీ అమ్మేటప్పుడూ అంతే. వెనక బ్రేకు ఒక్కోసారి పట్టదని చెప్పేదాకా కొనుక్కునే అమ్మాయి చేతిలో తాళం పెట్టలేకపోయాను.