అంకుశం బండి కిరాయి

సిరిసిల్ల వైపు నుంచి వలసొచ్చిన నేతవాళ్లం ఉండే మా నార్పోలిలో సిద్ధిరాములంత మొండివాణ్ణి నేను చూడలేదు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. తండ్రి వదిలిపోయిన నాలుగు సాంచాలను అమ్మేసి పక్కనున్న కాల్హేర్ గోదాముల్లో నౌకరీ చూసుకొమ్మని అందరం చెప్పాం. వింటేనా! "సాంచాలు అమ్మినోడు మళ్ల కొన్నడా ఎన్నడన్న?" అని మా నోళ్లు మూయించేవాడు. ఆయనకు ఇంకో మొండి కోరిక కూడా ఉండేది. తాను పోతే సిరిసిల్ల పక్కన ఉన్న సొంతూరికి తీసుకెళ్లి, మానేరు ఒడ్డున తండ్రిని కాల్చిన చోటే కాల్చాలట. చాయ్ తాగుతూ కూడా అదే మాట. "ముందుగాల కరెంటు బిల్లు కట్టు, సావు సంగతి తర్వాత సూద్దాం" అని వెక్కిరించేవాణ్ణి.

గిరాకీ పడిపోయిన ఏడాది నూలు కోసం క్రెడిట్ కార్డు గీకాడు. నెలకు నూటికి మూడున్నర వడ్డీ. కట్టిందంతా వడ్డీకే పోయి అసలు అలాగే కూర్చునేది.

కూతురు కోమల్ కాల్హేర్‌లో ఒక గోదాము ఆఫీసులో లెక్కలు చూస్తుంది. తెలివైన పిల్ల. తండ్రి పేరు మీద వేరే బ్యాంకు కార్డు తీయించి, పాత బాకీనంతా దాని మీదికి మార్పించింది. కొత్త కార్డుకు ఆరు నెలల దాకా వడ్డీ లేదు. ఒక్క కిస్తీ తప్పితే మాత్రం ఆ సౌకర్యం పోతుంది.

"బాపూ, నెలనెలా కడితె దీపావళికి అంతా క్లియర్. సాంచాలు బచ్ జాయేంగే, మన చేతుల్నే ఉంటయ్. గా పాత కార్డు మాత్రం కత్తిరించి పారెయ్యి" అంది.

"గట్లనే బిడ్డా" అన్నాడు. కత్తిరించలేదు. బాకీ లేని కార్డు జేబులో ఉంటే ధైర్యంగా ఉంటుందని నాతో అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ చాలా రోజులకు ఆయన మొహంలో కళ చూసి ఊరుకున్నాను.

మూడు కిస్తీలు కట్టాడు. శ్రావణంలో ఒక మధ్యాహ్నం, ఆయన దగ్గర పనిచేసే అంకుశం సాంచె ముందే కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. అతనికి పెళ్లాం పిల్లలు లేరు, ఊళ్లో ముసలితల్లి ఓదెమ్మ ఒక్కతే. ఫోన్‌లో ఆమె ఏడవను కూడా లేదు. "సిద్ధిరాములూ, నా కొడుకు మొకం ఒక్కసారి సూపియ్యి నాయినా. ఆడ కాలవెట్టకుండ్రి" అంది.

మనవాళ్లలో ఎవరు పోయినా చందా వేసి శవాన్ని ఊరికి పంపడం ఇక్కడి పద్ధతి. కానీ సగం షెడ్లు మూతపడ్డాయి. వచ్చిన చందా డీజిల్‌కు కూడా చాలలేదు. ఐసు పెట్టె బండివాడు మొత్తం కిరాయి ముందే ఇమ్మన్నాడు. "ఈన్నే కానిద్దాం తియ్యి" అన్నాను నేను, ఇక్కడే దహనం చేసేద్దామని. సిద్ధిరాములు నావైపు చూడకుండా జేబులోంచి పాత కార్డు తీశాడు. బండి కిరాయి, ఊళ్లో దినాల ఖర్చు, అన్నీ దానిమీదే.

ఇంట్లో చెప్పలేదు. అంకుశం నడిపే సాంచాలకు మళ్లీ మనిషి దొరకలేదు. రెండు కార్డులకూ కట్టబోయి నాలుగో నెల కొత్తదాని కిస్తీ తప్పాడు. దానిమీద పాతదానికంటే ఎక్కువ వడ్డీ పడింది. చలికాలం దాటకముందే నాలుగు సాంచాలూ ఇనుము తూకానికి భంగార్ లారీ ఎక్కాయి. అంకుశం సాంచెను విప్పుతుంటే చూడలేక, వెళ్లి మోరీ గట్టున కూర్చున్నాడు.

"కత్తిరించుమంటె ఎందుకు కత్తిరించలే బాపూ? ఏక్ హీ కామ్ బోలా థా, గా ఒక్క పనే చెప్పిన గద!" అని కోమల్ ఏడ్చింది.

"ఆ తల్లి కొడుకు మొకం సూపియ్యుమన్నది బిడ్డా" అన్నాడు తలెత్తకుండా.

ఇప్పుడు మాన్కోలి గోదాములో మూటలు మోస్తున్నాడు. మొన్న ఆదివారం వాళ్లింటికి పోయి, ఆయన కాస్త నవ్వుతాడేమోనని నేనే ఊరి మాట ఎత్తాను. ఈ వానలకు మానేరు నిండిందట అన్నాను. చాయ్ కప్పు కింద పెట్టి కూతుర్ని పిలిచాడు.

"కోమల్, నేను పోతె ఈన్నే కానియ్యుండ్రి బిడ్డా. బండి గిండి మాట్లాడకుండ్రి."