తేలుకైనా పాముకైనా ఒకటే ఇంగ్లీషు

అర్థం తెలియని మాటను నమ్మి మీరు ఎప్పుడైనా మోసపోయారా? లేదని అంత తొందరగా అనకండి. నేనూ అలాగే అనేవాణ్ణి. సభలు పెట్టి మరీ అనేవాణ్ణి.

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా నన్ను గుడివాడ నుంచి మచిలీపట్నంలో ఒక డిగ్రీ కళాశాలకు బదిలీ చేశారు. హోదా ఇంగ్లీషు శాఖాధిపతి. శాఖ అంటే నేనూ, ఒక కాంట్రాక్టు లెక్చరరూ. దానితోపాటు లాంగ్వేజ్ ల్యాబ్ ఇన్‌చార్జి బాధ్యత కూడా నాకే ఇచ్చారు. ల్యాబంటే ఇరవై కంప్యూటర్లు, ఇరవై హెడ్‌ఫోన్లు. వాటిలో పనిచేసేవి ఎన్ని అన్నది ప్రతి సోమవారం కొత్తగా తేలే విషయం. రోజూ గుడివాడలో పాసింజరు ఎక్కి, పెడన మీదుగా బందరు, అదే మచిలీపట్నం, చేరేవాణ్ణి. ఆదివారాలు బయటి అభ్యర్థులకు కూడా ప్రవేశపరీక్షల ఇంగ్లీషు చెప్పవచ్చునని ప్రిన్సిపాల్ అనుమతి ఇచ్చారు. నర్సింగు కోర్సులకు వెళ్లేవాళ్లు, బ్యాంకు పరీక్షలవాళ్లు, విదేశీ వీసా పరీక్షలవాళ్లు వచ్చేవారు.

ఉద్యోగం కాక నాకు ఇంకో పని ఉండేది. చదువుకునే రోజుల్లోనే చర్చాసభల రుచి మరిగాను. వరి కోతల కాలంలో దివిసీమ ఊళ్లకు వెళ్లి, పాముకాటుకు మంత్రం వేస్తామనేవాళ్లను నలుగురి ముందు నిలదీసేవాణ్ణి. నీ మంత్రానికి అర్థం చెప్పు అనేవాణ్ణి. చెప్పలేకపోయేవారు. విషం లేని పాము కరిచి బతికితే నీ గొప్ప, విషమున్నది కరిచి చస్తే వాడి రాత, ఇదెక్కడి న్యాయమని అడిగేవాణ్ణి. ఈ రోజు అడగమన్నా అడుగుతాను. ఆ ప్రశ్నలో తప్పు లేదు. అడిగినవాడిలో ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

నాట్లు పూర్తయిన ఒక ఆదివారం డాక్టర్ శ్యామల ల్యాబుకు వచ్చారు. దివిసీమలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆమె మెడికల్ ఆఫీసరు. పెడనలో కలంకారీ అద్దకం పనిచేసే ఇంట్లో పుట్టి, పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి, డాక్టరైన మనిషి. ఇప్పుడు వైద్యంలో పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నారు. రోగులను చూడటానికి ఇచ్చే పట్టా వేరు, ఇది పరిశోధన పట్టా. దానికి ముందు ఒక ఇంగ్లీషు ప్రవేశపరీక్ష ఉంటుంది. అందులో మూడు భాగాలు. ఒక పరిశోధనా వ్యాసంలోని భాగం చదివి ప్రశ్నలకు జవాబులు రాయడం మొదటిది. ఇంకో భాగానికి సారాంశం రాసి, దాని మీద మన అభిప్రాయం చెప్పడం రెండోది. ముగ్గురు సభ్యుల బోర్డు ముందు తాను చేయబోయే పరిశోధన గురించి ఇంగ్లీషులో మాట్లాడటం మూడోది. మూడింటిలోనూ విడివిడిగా కనీస మార్కులు రావాలి. ఒక్కదానిలో తగ్గినా మొత్తం పోయినట్టే.

అవకాశాలు రెండే. ఒకటి అప్పటికే పోయింది, సారాంశం దగ్గర. ప్రభుత్వ సర్వీసులో ఉన్నవాళ్లకు చదువుకోవడానికి ఇచ్చే అనుమతి కూడా ఆ ఏడాదితో ముగుస్తుంది. ఆ తర్వాత బదిలీల జాబితాలో ఆమె పేరుంది. మూడేళ్లుగా తన కేంద్రానికి వచ్చిన ప్రతి పాముకాటునూ ఆమె ఒక లాంగ్ నోటుబుక్కులో రాసుకున్నారు. ఎక్కడ కరిచింది, ఏ పని చేస్తుండగా కరిచింది, ముందు ఎవరి దగ్గరికి వెళ్లారు, తన దగ్గరికి ఎంతసేపటికి వచ్చారు. ఈసారి పరీక్ష పోతే ఆ పుస్తకం బీరువాలోకి పోతుంది, ఆమె ఇంకో జిల్లాకు పోతారు. అంతటితో ఆ పని ఆగిపోతుంది.

నేను ధైర్యం చెప్పాను. నా దగ్గర ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న ఆయుధం ఉంది. మా వృత్తిలో వాటిని ఫ్రేములంటాం. ముందే కట్టి పెట్టుకున్న వాక్యాలన్నమాట. ‘ఇటీవలి కాలంలో ఈ సమస్య నిపుణుల దృష్టిని ఆకర్షించింది’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యంతో మొదలుపెట్టాలి. ‘దీని పర్యవసానాలు బహుముఖమైనవి’ అని నడిపించాలి. ‘మరింత లోతైన అధ్యయనం అవసరం’ అని ముగించాలి. మధ్యలో ఖాళీలుంటాయి, అక్కడ విషయం పేరు పెడితే చాలు. అలాంటివి ఇరవై ఇచ్చి కంఠతా పట్టమన్నాను.

రెండు వారాల్లో పట్టేశారు. వైద్యం చదివినవాళ్ల జ్ఞాపకశక్తి మామూలుది కాదు. మూడో ఆదివారం నమూనా పరీక్ష పెట్టి, సారాంశానికి పదికి ఎనిమిది వేశాను. కాగితం తిరగేసి మరగేసి చూసి ఆమె అడిగారు.

“ఎనిమిది ఎందుకేశారు మాస్టారూ?”

“భాషలో ఒక్క తప్పు కూడా లేదు కదమ్మా.”

“మీరిచ్చిన పేపరు చదవకపోయినా ఇది రాయొచ్చు కదండీ. పోయినసారి ఇంకొకరి దగ్గర ఇలాగే నేర్చుకుని, ఇలాగే రాశాను.”

నాకు కోపం వచ్చింది. పరీక్ష దిద్దేవాడికి ఒక్కో కాగితానికి ఎంత సమయం ఉంటుందో తెలుసా అన్నాను. ఇంతమంది ఈ పద్ధతిలో గట్టెక్కారు, మీరు ఒక్కరే ప్రత్యేకమా అన్నాను. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. “ఒక ఆదివారం మా ఊరు రండి మాస్టారూ. నాకు నేను ఎలా చదువుకుంటానో చూడండి. అప్పుడు తిట్టండి, పడతాను” అన్నారు.

ఆ తర్వాతి ఆదివారమే వెళ్లాను. చల్లపల్లి మీదుగా బస్సు. ఆదివారం కాబట్టి ఓపీ లేదు. వరండాలో బెంచీ మీద డాక్టరుగారు, ఎదురుగా ఒక ఆశా కార్యకర్త కూర్చుని ఉన్నారు. ఇంటింటికీ తిరిగి గర్భిణులనూ, జ్వరాలనూ చూసి కేంద్రానికి కబురు చెప్పే పని ఆశా కార్యకర్తలది. ఈమె పేరు నాంచారమ్మ. యాభై దాటిన మనిషి. పదో తరగతి దగ్గర చదువు ఆగింది, నోరు మాత్రం ఎక్కడా ఆగలేదు.

శ్యామల ఒక ఇంగ్లీషు పరిశోధనా వ్యాసంలోంచి ఒక పేరా చదువుకున్నారు. కాగితం బోర్లా పెట్టారు. అందులో ఉన్నది నాంచారమ్మకు తెలుగులో చెప్పారు. పాము కరిచినవాళ్లకు విరుగుడు మందు త్వరగా ఇస్తే మూత్రపిండాలు దెబ్బతినడం తగ్గిందని ఆ పేరా సారం.

నాంచారమ్మ నోట్లో వక్క ఓ పక్కకు జరిపింది.

“త్వరగా అంటే ఎప్పట్నించండీ మేడమ్‌గారూ? కాటు పడ్డ కాణ్ణించా, ఆస్పత్రి గుమ్మం ఎక్కిన కాణ్ణించా?”

శ్యామల కాగితం తిప్పి చూశారు. వ్యాసంలో ఆస్పత్రిలో చేరినప్పటి నుంచే లెక్కించారు. “గుమ్మం ఎక్కిన కాణ్ణించే” అన్నారు.

“మరి మావోళ్లు గుమ్మం ఎక్కేసరికే పొద్దు పోతంది కదండీ. ఆ లెక్క మనకేం పనికొస్తది?”

డాక్టరుగారు ఆ ప్రశ్నను తన నోటుబుక్కులో రాసుకున్నారు. ఆ పేరా అంతకు ముందే నేనూ చదివాను. మా ల్యాబులో నలుగురి చేత చదివించాను కూడా. అందులో ప్రతి క్రియాపదాన్నీ విడదీసి చూపించగలను. లెక్క ఎక్కడ మొదలైందని అడగాలని నాకు తట్టలేదు.

నాంచారమ్మ నా వైపు తిరిగి, మాస్టారుగారు ఏం నేర్పుతున్నారని అడిగింది. నేను గొంతు సవరించుకుని ఒక ఫ్రేమును ఇంగ్లీషులో వినిపించాను. బాగానే పలికిందనుకున్నాను.

“అంటే ఏంటండీ?”

తెలుగులో చెప్పాను.

“అయితే ఇది పాముక్కూడా చెప్పొచ్చు, దోమక్కూడా చెప్పొచ్చన్నమాట. మా ఊళ్లో మంత్రం వేసే పెద్దాయనా అంతేనండి. తేలు కుట్టినా, పాము కరిచినా ఒకటే చదువుతాడు. మీరు ఆయన్ని మా రచ్చబండ దగ్గర కడిగేశారంట కదా, మా ఆయన చెప్పాడు.”

శ్యామల నవ్వు ఆపుకోలేక తల పక్కకు తిప్పుకున్నారు. “నాంచారమ్మా, మాస్టారు పెద్దవారు” అన్నారు.

“పెద్దవారు కాబట్టే చెప్తన్నానండి. చిన్నోళ్లయితే ఊరుకుందును” అంది నాంచారమ్మ.

నేనూ నవ్వాను. తిరుగు బస్సులో మాత్రం నవ్వు రాలేదు. వందల మంది ముందు ఏ ప్రశ్న వేసి మంత్రగాళ్ల నోరు మూయించానో, ఆ ప్రశ్న ఎవరూ నాకు వేయలేదు. నేనూ వేసుకోలేదు. ముప్ఫై ఏళ్లు జీతం తీసుకుని నేను చేసింది ఏమిటి? వాక్యాలు ఇచ్చి జపించమన్నాను. గట్టెక్కితే నా ఫ్రేము మహిమ అన్నాను. తప్పితే సరిగా కంఠతా పట్టలేదన్నాను. రచ్చబండ దగ్గర నేను కడిగేసిన పెద్దాయన తన పద్ధతికి శాస్త్రమని పేరు పెట్టుకోలేదు. నేను పెట్టుకున్నాను.

మరుసటి ఆదివారం పద్ధతి మార్చాం. మార్చాం అనడం తప్పు, ఆమె పద్ధతిని నేను ఒప్పుకున్నాను. ముందు ఒక భాగం చదవాలి, చదివాక మూయాలి. నాంచారమ్మకు తెలుగులో చెప్పాలి. నాంచారమ్మ అడిగిన ప్రశ్నలన్నీ రాసుకోవాలి. వాటికి జవాబు ఆ వ్యాసంలో ఉందో లేదో వెతకాలి. ఆ తర్వాతే ఇంగ్లీషులో సారాంశం రాయాలి. వ్యాసంలో లేనిది లేదనే రాయాలి. నా పని చివర్లో మొదలవుతుంది. చదివేవాడు ఎక్కడ తడబడతాడో అక్కడ గీత పెట్టడం, అంతే.

ఫలితం ఏమైందంటే మార్కులు పడిపోయాయి. ఎనిమిది వచ్చిన చోట ఐదు, ఒకసారి నాలుగున్నర. కట్టుడు వాక్యాల ఆసరా పోయేసరికి ఆమె సొంత ఇంగ్లీషు బయటపడింది. పొట్టి వాక్యాలు, తడబడే క్రియలు. పరీక్షకు ఐదు వారాలు మిగిలాయి. భయపడ్డది నేను. మొదటికొకటి, చివరికొకటి, రెండు ఫ్రేములు ఉంచుకొమ్మని బతిమాలాను.

“వద్దు మాస్టారూ. తప్పితే నా మాటల్తోనే తప్పుతాను. అప్పుడు ఎక్కడ తప్పానో నాకు తెలుస్తుంది” అన్నారు.

నేను చాలామంది ధైర్యవంతులను వేదికల మీద చూశాను. రెండో అవకాశం మీద, చివరి అవకాశం మీద అంత నింపాదిగా ఆ మాట అన్నవాళ్లను చూడలేదు. వారానికి ఆరు రోజులు ఓపీ, కాన్పులు, టీకాలు. ఏడో రోజు బందరు బస్సు. ఎర్ర గీతలతో నిండిన కాగితాన్ని ఆమె ఎక్స్‌రే చూసినట్టు వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసేవారు. సిగ్గుపడేవారు కాదు, సాకులు చెప్పేవారు కాదు. ఏ వారం తప్పు ఆ వారమే పోయేది. కొత్తవి చేసేవారు. నాలుగో వారానికి ఆరున్నర వచ్చింది. ఆ ఆరున్నరలో ప్రతి అక్షరం ఆమెదే.

పరీక్ష విజయవాడలో జరిగింది. సారాంశానికి తాగునీటి ఉప్పదనం మీద ఒక వ్యాసం ఇచ్చారు. ఆ నీరు ఎన్నేళ్లు తాగినవాళ్లను లెక్కలోకి తీసుకున్నారో రచయితలు చెప్పలేదని ఆమె రాశారు. అది చెప్పకుండా అంత పెద్ద ముగింపు ఇవ్వడం కుదరదని కూడా రాశారు.

బోర్డు ముందు జరిగినది ఆమె నాకు ఫోనులో చెప్పారు. కాటు పడిన సమయం రైతులు సరిగ్గా చెప్పలేరు, దాన్ని ఎలా నమ్ముతారని ఒక సభ్యుడు అడిగారట. ఈమె మాట తడబడింది. ఒక్క నిమిషం అడిగి తీసుకుని, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పారట. మేము గడియారం అడగం. ఆ పూట ఏం జరుగుతోందో అడుగుతాం. మోటారు వేశారా, బడి వదిలారా, అవనిగడ్డ బస్సు వెళ్లిందా. ఆ తర్వాత ఆ రోజు బస్సు ఎప్పుడు వెళ్లిందో కండక్టరును కనుక్కుంటాం. ఈ పద్ధతి ఎవరిదని అడిగితే, మా ఆశా కార్యకర్తదని చెప్పారట. మధ్యలో ఒకరు ఆమె ఇంగ్లీషును సవరించారు. ధన్యవాదాలు చెప్పి కొనసాగించానన్నారు.

ఫలితాలు వచ్చాయి, మూడింటిలోనూ గట్టెక్కారు. సారాంశంలో కనీస మార్కుకు కొద్దిగా పైన, మౌఖికంలో బాగా పైన. సీటు వచ్చింది. నోటుబుక్కు బీరువాలోకి పోలేదు. ఈ రోజు ఆమె రాస్తున్న పరిశోధనలో లెక్క కాటు పడ్డ క్షణం నుంచి మొదలవుతుంది.

ఆ తర్వాతి సెమిస్టరులో ల్యాబు నుంచి ఫ్రేములు తీసేశాను. మా ఉత్తీర్ణత తగ్గింది. ప్రిన్సిపాల్ వివరణ అడిగారు, రాతపూర్వకంగా ఇచ్చాను. నేను దిగిపోయే నాటికి కూడా అది పాత స్థాయికి రాలేదు. ఆ సంగతి దాచి ఈ కథ చెబితే నేనూ మహిమలు ప్రచారం చేసినట్టే అవుతుంది. అర్థం చేసుకుని రాయడానికి సమయం పడుతుంది, మొదట్లో మార్కులు పోతాయి. అలా పోతాయని ముందే తెలిసి ఆ దారి ఎంచుకోవడం శ్యామల గొప్పతనం. నేను నేర్చుకున్నది ఇదీ: అర్థం కాని మాట సంస్కృతంలో ఉంటే మూఢనమ్మకం, ఇంగ్లీషులో ఉంటే చదువు అనుకోవడం తెలివితక్కువతనం. నేను దాన్ని ముప్ఫై ఏళ్లు పాఠంగా చెప్పాను.

ఇక మీ వంతు. మీ ఇంట్లో చదువుకునేవాళ్ల ఇంగ్లీషు పుస్తకం ఈ సాయంత్రమే తెరవండి. ఒక పేజీ చదివించి, పుస్తకం మూయించి, అందులో ఏముందో తెలుగులో చెప్పమనండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, రాకపోతే ఇంకా మంచిది. అర్థం కాని చోట ఆపండి. అంటే ఏమిటని అడగండి. జవాబు వచ్చేదాకా రెండో పేజీ తిప్పనివ్వకండి.